చిన్న మిల్లింగు యంత్రముపై పనివేగము పెంచు విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగము)



రజతోత్సవ సభయందు యంత్రమును గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. కాని విశ్వకర్మను దేవతలలో నొకనిగా లెక్కించిన జాతికి పనిముట్టు పరాయిది కాదు. ఉలి, సుత్తె, కొలిమి, తిత్తి యను మాటలు పురాణములకెంత దగ్గరివో ఇంటి అరుగునకును అంత దగ్గరివి. కావున చేతిపని చేసికొని బ్రదుకువానికి అక్కరకు వచ్చు నొక సంగతిని గ్రంథాలయమున చెప్పుట అనుచితము కాజాలదు.

మిల్లింగు యంత్రము అనగానే పల్లెటూరివారికి బియ్యపు మిల్లు తలపునకు వచ్చును. ఇది దానికి చుట్టము కాదు. లేతు యంత్రమునందు ముక్క తిరుగును, ఉలి తిరుగదు. మిల్లింగు యంత్రమునందు ఇందుకు మారుగా ఉలియే తిరుగును. ముక్క బల్లపై బిగింపబడి మెల్లమెల్లగా జరుగును. తిరుగుచున్న ఉలి పండ్లు ముక్కను కొంచెము కొంచెముగా కొరికి, చదును చేయును, గాడి తీయును, అంచు తీర్చును, రంధ్రము తొలుచును. కర్మాగారములలో ఇవి ఏనుగులవలె నుండును. కాని ఇద్దరు మనుష్యులెత్తి బల్లమీద పెట్టదగిన చిన్నవియు కలవు. ఇంటి కరెంటుతోనే అవి నడచును. కొన్నిటిని చేతిచక్రములతో త్రిప్పుదురు. కొన్నిటిని కంప్యూటరు నడపును. వినోదమునకై కొన్నవారును, కొలదిపాటి పనులు చేసి నాలుగు డబ్బులు గడించువారును వీనిని వాడుచుందురు.

ఇట్టి చిన్న యంత్రము కలవాని కష్టమొకటి కలదు. ఒక్క ముక్క చేయవలసినపుడు వానికి ఆనందము. పది యిరువది ముక్కలు ఒకే తీరుగా చేయవలసినపుడు వానికి నీరసము. ఉదయము మొదలుపెట్టిన పని దీపాలవేళకును తెమలదు. అప్పుడు వాడు యంత్రమును నిందించును. "ఇది చిన్నది, మందకొడి, పెద్దది కొన్నగాని లాభము లేదు" అనుకొనును. తరువాతి అడుగు అప్పు. యంత్రముమీద అప్పు, అప్పుమీద వడ్డీ, వడ్డీ తీర్చుటకు మరల చౌకకు ఒప్పుకొన్న పని. ఈ ప్రసంగము ఆ అడుగు వేయుటకు ముందు వాడొకసారి నిలిచి లెక్క చూచుకొనుటకై యుద్దేశింపబడినది.

లెక్క యేమనగా, కాలము ఎచట ఖర్చగుచున్నదో కాగితముపై వ్రాసి చూచుట. రొక్కము ఎట్లు పోయినదో తెలియని సంసారము ఎట్లు చక్కబడదో, నిమిషములెట్లు పోయినవో తెలియని పనియు అట్లే చక్కబడదు.

ఉదాహరణమునకు 24 చిన్న అల్యూమినియపు పలకలు చేయవలసియున్నవనుకొనవచ్చును. ఒక్కొక్కదానికి ఒక గాడి, నాలుగు రంధ్రములు. పనివాడు ఒక్కొక్క ముక్కనే మొదటినుండి చివరవరకు చేయుచున్నాడు. ముక్కను వైసులో బిగించి, దాని అంచు ఎచటనున్నదో వెదకి సరిచూచుకొనుటకు 5 నిమిషములు. గాడి తీయునది, రంధ్రమునకు గురుతుపెట్టునది, రంధ్రము తొలుచునది అను మూడు పనిముట్లను మార్చుటకు, మార్పునకు 2 చొప్పున 6 నిమిషములు. లోహమును నిజముగా కోయుటకు 4 నిమిషములు. అంచులమీద లేచిన ముళ్ళను రాచి కొలిచి చూచుటకు 1 నిమిషము. వెరసి ముక్కకు 16 నిమిషములు. 24 ముక్కలకు 384 నిమిషములు, అనగా 6 గంటల 24 నిమిషములు.

ఈ 384లో ఉలి లోహమును తాకినది ఎంతసేపు? 96 నిమిషములు మాత్రమే. సరిగా నాలుగవ వంతు. తక్కిన 288 నిమిషములు బిగించుట, విప్పుట, వెదకుట, మార్చుట, కొలుచుట. ఇప్పుడు వాడు అప్పుచేసి రెండింతలు వేగముగా కోయు యంత్రమును తెచ్చెననుకొన్నను, కోతలో సగము, అనగా 48 నిమిషములే మిగులును. 6 గంటల 24 నిమిషముల పని 5 గంటల 36 నిమిషములకు దిగును. ఈపాటి లాభమునకు ఆ అప్పు ఎంత బరువో ఇంటి ఇల్లాలు కూడ చెప్పగలదు.

కావున వేగమును వెదకవలసిన చోటు కోత కాదు. కోతకును కోతకును నడుమనున్న సందు. ఈ మాట క్రొత్తది కాదు. యంత్రముల చరిత్రయందు తెలివిగలవారు పలుమారు కనిపెట్టినదే.

ఇంగ్లండునందు పోర్ట్స్‌మత్ ఓడరేవున బ్రిటిషు నౌకాదళమునకు కప్పీలు చేయబడుచుండెడివి. తెరచాపల త్రాళ్ళు నడచుటకు ఒక్కొక్క యుద్ధనౌకకు ఇవి వందలకొలది కావలెను. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున మార్క్ ఇసంబార్డ్ బ్రునెల్ రూపకల్పన చేయగా, హెన్రీ మాడ్స్‌లే యంత్రములను నిర్మించెను. ఒక్కొక్క యంత్రము ఒక్కొక్క పనినే చేయును: ఒకటి రంధ్రము తొలుచును, ఒకటి గాడి తీయును, మరియొకటి వెలుపలి ఆకారము తీర్చును. ఒక దానినుండి ఒక దానికి ముక్క పోవుచుండును. 1808 నాటికి ఏటికి 1,30,000 కప్పీలు తయారగుచుండెను. పూర్వము 110 మంది చేసిన పనిని 10 మంది చేయగలిగిరి. ఇందలి మర్మమేమి? ఒక పనికొకసారి అమర్చిన యంత్రమును విప్పకుండ, ఆ పనినే ముక్క వెనుక ముక్కకు చేయుట.

రెండవ కథ మిల్లింగు యంత్రమునకే సంబంధించినది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలైనది. తుపాకుల తయారీలో రంధ్రములు తొలుచుటకు మెలి గాడులుగల బరమాలు కావలసివచ్చెను. ఆ మెలి గాడులను పనివారు సన్నని గుండ్రని ఆకురాతితో చేతితో రాచి తీయుచుండిరి. తీసినకొలది ఆలస్యము, ఒకటి మరియొకదానివలె నుండదు. ప్రావిడెన్సు నగరమున ఆయుధముల తయారీలోనున్న ఫ్రెడరికు హౌ ఈ చిక్కును జోసెఫ్ బ్రౌన్ ముందు పెట్టెను. బ్రౌన్ ఆలోచించి, ముక్క ముందునకు జరుగుచుండగనే తగినంత తనచుట్టు తాను తిరుగునట్లు పండ్లచక్రములను కూర్చిన యంత్రమును నిర్మించెను. 1862లో వెలువడిన ఆ యంత్రమునకు సార్వత్రిక మిల్లింగు యంత్రమని పేరు. ఇచట ఉలి పదును పెరుగుటచే వేగము రాలేదు. చేతియందున్న నేర్పు ముక్కను పట్టి నడుపు ఏర్పాటులోనికి మారుటచే వచ్చినది.

మూడవది జపాను కథ. షిగియో షింగో అను ఇంజనీరు 1950లో హిరోషిమాయందలి ఒక మోటారు కర్మాగారములో పెద్ద ప్రెస్సు యంత్రమునకు అచ్చు మార్చుట చూచుచుండెను. అచ్చును బిగించు మర ఒకటి కనబడలేదు. పనివాడు వెదకుటకు పరుగెత్తెను. గంటకు పైగా యంత్రము ఊరక నిలిచెను. అప్పుడు షింగోకు ఒక భేదము తోచెను: యంత్రము ఆగియున్నపుడే చేయదగిన పనులు కొన్ని, యంత్రము నడచుచుండగనే చేసికొనదగిన పనులు కొన్ని. రెండవ జాతివానిని మొదటివానితో కలుపుటయే ఆలస్యమునకు మూలము. ఈ భేదమును పట్టుకొని 1969లో టయోటా కర్మాగారమునందు వేయి టన్నుల ప్రెస్సునకు అచ్చు మార్చు కాలమును నాలుగు గంటలనుండి మొదట గంటన్నరకును, పిమ్మట 3 నిమిషములకును దింపగలిగిరి.

రామాయణమున నలుడు సేతువు కట్టిన ఘట్టమును ఎరుగనివారు లేరు. వానరులు కొండలను, చెట్లను మోసితెచ్చి అందించుచుండిరి, నలుడు కూర్చుచుండెను. కట్టువాడే రాళ్ళ వెదకుటకు పోయియుండిన, సేతువు అయిదు దినములలో పూర్తియగునా? షింగో చెప్పినదియు ఇదియే. కూర్చువాని చేతికి సామగ్రి ముందే అందవలెను.

ఈ మూడు కథల సారమును చిన్న యంత్రముగల పనివాడు ఎట్లు వాడుకొనవచ్చునో ఇక వరుసగా చూడదగును.

మొదటిది, అడ్డు. వైసు ప్రక్కన కదలని యొక చిన్న అడ్డును బిగించిన, ప్రతి ముక్కను దానికి ఆనించి బిగింపవచ్చును. ఒక ముక్కకు అంచు వెదకిన చాలును. తక్కిన ముక్కలన్నియు ఆ చోటనే వచ్చి నిలుచును. పది రూపాయల ఇనుపముక్క ముక్కకు కొన్ని నిమిషములు మిగుల్చును. దీనికొక శాస్త్రము కలదు. ఏ వస్తువునైనను కదలకుండ ఒకే చోట నిలుపుటకు ఆరు బిందువులు చాలును: అడుగున మూడు, పొడుగు ప్రక్కన రెండు, కొసన ఒకటి. ముక్కాలిపీట ఎట్టి నేలమీదనైనను ఊగదు. నాలుగుకాళ్ళ పీట ఊగును. అడుగున మూడు బిందువులే యేల యను ప్రశ్నకు ముక్కాలిపీటయే సమాధానము.

రెండవది, అచ్చు. ఇటుకలు కోయువాడు ప్రతి ఇటుకకును కొలబద్ద పట్టడు. అచ్చులో మట్టి కొట్టును. అట్లే ఒకే తీరు ముక్కలను పట్టియుంచుటకు చేసికొన్న పలకను ఫిక్స్చరు అందురు. ఒక దళసరి అల్యూమినియపు పలకపై గూళ్ళు తీసి, ఆనుటకు సన్నని ఉక్కు పిన్నులు దిగగొట్టి, బిగించుటకు మరలు పెట్టిన అది సిద్ధమగును. ఒక గూటికి మారు ఆరు గూళ్ళు తీసిన, ఆరు ముక్కలు ఒకేసారి కూర్చుండును. గొర్రుతో విత్తు రైతునకు ఈ సంగతి బోధింప నక్కరలేదు. ఎడ్లు నడచునది ఒక్కసారియే. గింజలు పడునది నాలుగు సాళ్ళలో. పలుచని రేకు ముక్కలకు మరలు పట్టవు. అట్టిచోట పలకకును ముక్కకును కాగితపు అంటు టేపు అతికి, ఆ రెండు టేపుల నడుమ త్వరగా గట్టిపడు జిగురు వేసి నిలుపుట చిన్న యంత్రములవారు వాడు చౌక ఉపాయము. పని తీరిన పిదప టేపును ఊడదీసిన, ముక్క శుభ్రముగా వచ్చును.

మూడవది, పనిముట్టు మార్పు. ఒక ముక్కకు మూడు పనిముట్లను మార్చి మరల రెండవ ముక్కకు మొదలిడుట మూడు కడవలతో నీళ్ళు తెచ్చుటకు ప్రతి కడవకును వేరుగా చెరువునకు పోవుటవంటిది. గాడి తీయు ఉలి పెట్టినపుడు ఆరు ముక్కలకును గాళ్ళు తీయవలెను. తరువాతనే రెండవ పనిముట్టు. అంతేకాక, ప్రతి పనిముట్టును తన పిడియందే శాశ్వతముగా బిగించి, ఒకే పొడవు వెలికి వచ్చునట్లు చేసి, ఆ పొడవును కాగితముపై వ్రాసి యుంచిన, మార్చినప్పుడెల్ల ఎత్తు సరిచూచు పని తప్పును.

నాలుగవది, సందులోని పని. కంప్యూటరు నడపు యంత్రమైనచో, అది కోయుచున్నంతసేపు మనిషి చేతులు కట్టుకొని చూచుచుండుట వ్యర్థము. అంతకుముందు వచ్చిన ముక్కల అంచులను ఆ సమయమున రాచుకొనవచ్చును. రాబోవు ముక్కలను తుడిచి వరుసగా పెట్టవచ్చును. రెండు ఫిక్స్చరు పలకలున్నచో, ఒకటి యంత్రముపై నుండగా రెండవదానిని నింపుకొనవచ్చును.

ఇప్పుడు మరల లెక్కకు రావలెను. ఆరు గూళ్ళ ఫిక్స్చరు చేయుటకు 60 నిమిషములు. మొదటి ముక్కను చేసి జాగ్రత్తగా కొలిచి సరిదిద్దుటకు 10 నిమిషములు. పిమ్మట నాలుగు విడతలు. ఒక్కొక్క విడతకు ఆరు ముక్కలు పెట్టి బిగించుటకు 6, పనిముట్ల మార్పునకు 6, కోతకు 24, వెరసి 36 నిమిషములు. నాలుగు విడతలకు 144. అన్నియు కలిపి 214 నిమిషములు, అనగా 3 గంటల 34 నిమిషములు. అంచులు రాచుట కోత సమయముననే తీరును. చేతిచక్రముల యంత్రమైనచో దానికి ఇంకొక 24 నిమిషములు కలుపుకొనవలెను. మొదటి లెక్కతో పోల్చిన 170 నిమిషములు మిగిలినవి. యంత్రము మారలేదు. కోత కాలమైన 96 నిమిషములలో ఒక్కటియు తగ్గలేదు. అదే గిరాకి మరల వచ్చినచో ఫిక్స్చరు అటకమీద సిద్ధముగా నుండును. పని 154 నిమిషములలో ముగియును.

అయితే ప్రతి పనికిని ఫిక్స్చరు చేయుమని చెప్పుట అవివేకము. మూడు ముక్కలే కావలసినపుడు పాతపద్ధతిని 48 నిమిషములలో ముగియు పనికి గంటసేపు ఫిక్స్చరు చేయుచు కూర్చుండుట, పిడికెడు ధాన్యమునకు గాదె కట్టుట వంటిది. పై లెక్క ప్రకారము ముక్కకు 16 నిమిషములు 6 నిమిషములకు దిగినవి. ముక్కకు 10 మిగులు. ముందుగా ఖర్చయినవి 70. కావున సుమారు ఏడు ముక్కలకు ఖర్చును మిగులును సరిపోవును. అంతకు తక్కువైన అడ్డు ఒక్కటి చాలును. అంతకు ఎక్కువైన, లేక గిరాకి మరల వచ్చునన్న నమ్మకమున్న, ఫిక్స్చరు మేలు. ఈ అంకెలు ఉదాహరణమునకు చెప్పినవి. ప్రతివాడును తన పనిని గడియారము పెట్టుకొని చూచి తన అంకెలను తానే వ్రాసికొనవలెను.

కోత గూర్చియు నాలుగు మాటలు చెప్పకున్న ప్రసంగము కుంటుపడును. చిన్న యంత్రము ఒడలు తేలిక. ఉలిని లోతుగాను వెడల్పుగాను ఒకేసారి దించిన అది వణకును, కూయును. గాడి గోడలు గరుకెక్కును. అందుచేత ఉలిని లోతుగా దించి, ప్రక్కకు మాత్రము సన్నగా, ఉలి మందములో పదవ వంతు చొప్పున కోయుట తేలిక యంత్రములకు హితము. ఉలి పొడవంతయు పనిచేయును. కొస ఒక్కటే అరుగదు. మరియు భయముచేత మరీ మెల్లగా నడుపుటయు తప్పే. 6 మిల్లీమీటర్ల మందముగల రెండు పండ్ల ఉలి నిమిషమునకు 10,000 చుట్లు తిరుగుచున్నదనుకొనిన, దాని అంచు నిమిషమునకు సుమారు 188 మీటర్లు పరుగెత్తుచుండును. ఒక్కొక్క పన్ను 0.03 మిల్లీమీటరు కొరుకవలెనన్న, ముక్క నిమిషమునకు 600 మిల్లీమీటర్లు జరుగవలెను. బల్లను అందులో పదవవంతు వేగమున జరిపిన పన్ను కొరుకదు, రాచును. రాచిన వేడెక్కును, వేడెక్కిన పదును పోవును. జాగ్రత్తయనుకొన్నదే చేటు తెచ్చును. అల్యూమినియపు పొట్టు ఉలికి అంటుకొనుస్వభావము కలది; గాలి ఊదుచు, కొంచెము పలుచని నూనె తగిలించుచు పొట్టును తొలగించుచుండవలెను.

చేతిచక్రముల యంత్రమునకు ఇంకొక జాగ్రత్త. మరకును దాని గింజకును నడుమ కొంత వదులుండును. చక్రమును వెనుకకు త్రిప్పిన, కొంతమేర చక్రము తిరుగునేగాని బల్ల కదలదు. కావున ప్రతి కొలతకును ఒకే దిక్కునుండి రావలెను. దాటిపోయినచో బాగుగా వెనుకకు పోయి మరల ముందునకు రావలెను. ఈ చిన్న నియమమును మరచినవాని ముక్కలు ఒకటి మరియొకదానికి సరిపోవు.

వేగమునకు శత్రువు నిదానము కాదు, చెడిన ముక్క. ఫిక్స్చరు గూటిలో వెంట్రుకవంటి లోహపు పొట్టు ఒకటి చిక్కి, ముక్క దానిమీద కూర్చున్నచో, కొలత తప్పును. ఒక్కొక్కటిగా చేయువానికి ఒక్క ముక్క చెడును. ఆరు గూళ్ళవానికి ఆరును చెడవచ్చును. అచ్చు మంచిని పెంచినట్లే చెడుగును పెంచును. అందుచే ప్రతి విడతకును కుంచెతో గూళ్ళను తుడువవలెను. మొదటి ముక్కను పూర్తిగా కొలిచిన తరువాతనే తక్కినవానిని మొదలిడవలెను. ఆ 10 నిమిషములను మిగుల్చుకొనబోయి పూటంతయు పోగొట్టుకొనుట తొందరపాటుగాని వేగము కాదు.

ఇంకొకటి. ముక్కలు తిరిగివచ్చును; వ్రేళ్ళు తిరిగిరావు. తిరుగుచున్న ఉలి దగ్గర పొట్టును చేతితో తీయరాదు; యంత్రమును ఆపి కుంచెతోనే తీయవలెను. చేతితొడుగులు తొడిగి తిరుగు యంత్రమును సమీపింపరాదు. తొడుగు అంచు చిక్కిన చేయి కూడ చిక్కును. పైపంచె, చున్నీ, వదులు చొక్కా, విరబోసిన జుట్టు యంత్రమునకు ఎరలు. కంటికి అద్దములు తప్పనిసరి. వేగము పెంచవలెనను కోరిక కలిగినపుడే ఈ నియమములను మనిషి మరచుచుండును; కనుకనే వేగమును గూర్చిన ప్రసంగమున వీనికి చోటు ఉండవలెను.

ఈ చెప్పినదంతయు పరదేశముల మాటయని శ్రోతలు తలపవచ్చును. తెలుగునేలనే దీనికొక గొప్ప తార్కాణము కలదు. పోచంపల్లి తరహా చీరలు నేయు ఇండ్లలో నేతకు ముందు ఆసు పోయుట అను పని కలదు. నూలును మేకుల చుట్టు వేలకొలది పర్యాయములు చేయి చాచి త్రిప్పవలెను. ఒక చీరకు గంటలకొలది పట్టును. ఆ భారము సామాన్యముగా ఇంటి ఆడువారిది, భుజములు పట్టివేయును. శారాజిపేట గ్రామమునకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడుచున్న ఈ బాధను చూచి, ఏండ్ల తరబడి ప్రయత్నించి, 1999లో ఆసు యంత్రమును సాధించెను. తల్లి పేరనే దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టెను. 2017లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించినది.

ఇచట గమనింపదగినదేమన, ఆయన మగ్గమును మార్చలేదు, నేతను మార్చలేదు. నేతకు ముందుండు కూర్పును మార్చెను. ఆలస్యమును, బాధయు ఎచట కూడియున్నవో అచటనే చేయి పెట్టెను. పోర్ట్స్‌మత్‌లో బ్రునెల్ చేసినదియు, ప్రావిడెన్సులో బ్రౌన్ చేసినదియు, జపానులో షింగో చేసినదియు ఇట్టిదే. కాని వారి వెనుక నౌకాదళములు, కర్మాగారములు ఉండెను. ఈయన వెనుక ఒక తల్లి భుజము నొప్పి ఉండెను.

పెద్ద యంత్రము ఎన్నటికిని కొనరాదని దీని భావము కాదు. లెక్క వ్రాసి, అడ్డు పెట్టి, ఫిక్స్చరు చేసి, పనిముట్లు సర్ది, సందులోని పనిని సద్వినియోగము చేసిన పిదప కూడ కోత కాలమే ఎక్కువగా కనబడుచున్నచో, గిరాకియు నిలుకడగా నున్నచో, అప్పుడు పెద్ద యంత్రము న్యాయమే. పై లెక్కలోనే చూడుడు: మొదట 384లో 96గా నున్న కోత, ఫిక్స్చరు సిద్ధముగా నున్నపుడు 154లో 96 అయినది. నాలుగవ వంతు, మూడు వంతులలో రెండు వంతులకు దగ్గరపడినది. ఇప్పుడు కోతను సగము చేయు యంత్రము వచ్చిన నిజముగా ప్రయోజనము కనబడును. వరుస తప్పరాదు; అంతే. ముందు కూర్పు, పిదప కొనుగోలు. ముందు లెక్క, పిదప అప్పు.

పనివాని పెట్టెలో ఉలి, కొలబద్దలతోబాటు ఒక చిన్న పుస్తకము కూడ ఉండవలెను. ఏ పనికి ఏ పనిముట్లు వాడినది, ఏ వేగమున నడిపినది, అడ్డు ఎచట పెట్టినది, ఏ విడతకు ఎన్ని నిమిషములు పట్టినది, ఏ ముక్క ఎందుకు చెడినది అందులో వ్రాయవలెను. ఆరు నెలల తరువాత అదే పని వచ్చినపుడు జ్ఞాపకము మోసగించును, వ్రాత మోసగింపదు. ఆ పుస్తకము వాని కొడుకునకో, కూతునకో, శిష్యునకో చేరినచో, తండ్రి పదిసార్లు చెడగొట్టి నేర్చినదానిని బిడ్డ ఒక్కసారి చదివి నేర్చును.

గ్రంథాలయమును గూర్చి వేరుగా చెప్పవలసినది ఇంకేమున్నది? ఒకడు కష్టపడి ఒకమారు అమర్చినదానిని పదిమంది మరల వెదకకుండ వాడుకొనుట యంత్రశాలలో ఫిక్స్చరు, ఊరిలో గ్రంథాలయము. బీరువాలో పుస్తకము తన చోట తాను ఉండుటకు, అడిగినవాని చేతికి వెంటనే అందుటకు, గ్రంథపాలకుడు పడిన శ్రమ కంటికి కనబడదు. ఇరువదియైదేండ్లుగా ఆ శ్రమ జరుగుచున్నది. ఈ గ్రామమున యంత్రము పట్టిన యువకులు తమ పనిపుస్తకములకు ఒక్కొక్క నకలు వ్రాసి ఈ బీరువాలలో నుంచినచో, రజతోత్సవమునకు వారి కానుక అదియే కాగలదు. వచ్చు తరమువాడు యంత్రమును నిందించుటకు ముందు వచ్చి చూచుకొనుటకు ఇచట ఒక లెక్క సిద్ధముగా నుండును.